దేశ రక్షణ, దేశాభివృద్ధి: మన వంతు

(సంఘము వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏటేటా చదువుల గురించి, ఆరోగ్యము గురించి, పెండ్లిళ్ళలో దుబారా గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాము. ఈసారి దేశ సైన్యము గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గము వారు మమ్మల్ని కోరారు. మొదట కొంచెము వెనుకాడిన మాట నిజము. మేము యుద్ధము చూసినవాళ్ళము కాదు, తుపాకి పట్టినవాళ్ళమూ కాదు. బొగ్గుట్టలో పుట్టి, సింగరేణి సైరను విని డ్యూటీకి పోయి, ఇప్పుడు పింఛను మీద బ్రతుకుతున్న వాళ్ళము. అయినా ఒప్పుకోవటానికి కారణము, మన సంఘము ఆఫీసులోనే జరిగిన ఒక చిన్న సంగతి.

మన వాడకట్టు పిల్లవాడొకడు, ఇంటరు చదువుతున్నవాడు, ఒకనాటి సాయంత్రము వచ్చాడు. "చాచా, మిలటరీ సెలక్షనుకు దరఖాస్తు పెడుతున్నా. సికింద్రాబాదు పోయిరావాలంటే ఖర్చు అవుతుంది. సంఘము తరఫున ఏమన్నా సాయం దొరుకుతుందా?" అని అడిగాడు. మేము సరేననే లోపలనే వెనుకనే వాళ్ళ తాత వచ్చాడు. ఆయన గనిలో ఫిల్లరుగా ముప్ఫయి ఏండ్లు టబ్బులు నింపిన మనిషి. మాట తక్కువ, కోపము ఎక్కువ. ఆయన కూర్చోకుండానే మూడు ప్రశ్నలు వేశాడు.

"ఏం భాయ్, నలభై ఎనిమిదిలో మన పెద్దలు ఏ మిలటరీ వస్తున్నదంటే తలుపులు మూసుకున్నారో, దాంట్లకేనా మన పోరడు పోయేది? పోయినా అక్కడ వీణ్ణి తమవాడని అనుకుంటారా? అనుకున్నారే అనుకో, ఈ తుపాకులకు పోసే పైసలు బడులకు, దవాఖానాలకు పెడితే దేశము బాగుపడదా?"

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఈ మూడు ప్రశ్నలూ ఆయన ఒక్కడివే కావు, మన ఇండ్లలో చాలా మంది మనసులో ఉన్నవే. పైకి అనరు, అంతే. కావున ఈ రోజు వాటికే జవాబు చెప్పటానికి ప్రయత్నము చేస్తాము.

మొదటి ప్రశ్న నలభై ఎనిమిది గురించి. దీన్ని దాటవేసి దేశభక్తి గురించి ఎంత మాట్లాడినా అది పైపై మాటే అవుతుంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానములోకి ప్రవేశించింది. జనమంతా పోలీసు చర్య అన్నారు, సైన్యము దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. అయిదు రోజులలో ముగిసింది. సెప్టెంబరు 18న నిజాము సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు.

దానికి ముందు జరిగినదీ మరువరాదు. రజాకార్లు తెలంగాణ పల్లెలను పెట్టిన బాధ చిన్నది కాదు. ఆ ఏడాది ఆగస్టు 27న బైరాన్‌పల్లి పడిన కష్టము ఇప్పటికీ ఆ ఊరి బురుజు దగ్గర చెప్పుకుంటారు. రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపింది కూడా ఆ ఆగస్టులోనే. ఆయన ఎక్కడివాడో కాదు, మన పక్కన మహబూబాబాదు ప్రాంతము బిడ్డ. రజాకార్లు మన పేరు వాడుకున్నారు, మనలో వాళ్ళను ఎదిరించినవాళ్ళూ ఉన్నారు.

అయితే ఆ అయిదు రోజుల తరువాత జరిగినదీ చెప్పుకోవాలి. సంస్థానములో, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ఘోరాలు జరిగాయి. వాటిని చూసి రమ్మని కేంద్రము పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందము, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో, నేరాలలో పాల్గొన్నారని అందులో వ్రాశారు. ముస్లిము కుటుంబాలను తమ ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల సంగతీ వ్రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆ తరువాత కూడా 1951 దాకా సైన్యము తెలంగాణలోనే ఉండి, సాయుధ పోరాటాన్ని అణచే పనిలో ఉన్నది. ఆ రోజులలో మన చుట్టుపక్కల అడవి గూడేల కోయవాళ్ళు కూడా బూట్ల చప్పుడుకు భయపడినవాళ్ళే.

మరి ఇంత చెప్పి, పిల్లవాణ్ణి అందులోకి పొమ్మని ఎట్లా అంటారు అని మీరు అడుగవచ్చు. మేము చెప్పేది ఇది. సైన్యము ఒక అమానతు. ఇంటి తాళము చెవి నమ్మకస్తుడి చేతికి ఇచ్చినట్టు, ప్రజలు తమ ప్రాణాలను, ఆయుధాలను ఒక వ్యవస్థ చేతికి ఇచ్చారు. ఆ చెయ్యి చట్టానికి లోబడి ఉంటేనే అది రక్షణ. లేకపోతే అదే భయము. అందుకే 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగము, సైన్యాల మీద సర్వాధికారమును రాష్ట్రపతి చేతిలో పెట్టి, అది చట్టము ప్రకారమే నడవాలని 53వ అధికరణములో వ్రాసుకున్నది. చుట్టూ ఒకసారి చూడండి. పాకిస్తానులో 1958లో, బర్మాలో 1962లో, బంగ్లాదేశ్‌లో 1975లో సైన్యము గద్దె ఎక్కింది. మన దేశములో ఎన్ని గొడవలు వచ్చినా, ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఒక్కసారి కూడా జనరలు వచ్చి గద్దె మీద కూర్చోలేదు. ఇది చిన్న సంగతి కాదు సుమా.

ఆ అమానతు సరిగా నిలవాలంటే దాంట్లో అన్ని ఇండ్ల బిడ్డలూ ఉండాలి. మనము దూరముగా నిలబడి భయపడుతూ ఉంటే భయము తగ్గదు. ఆ వరుసలో మన పిల్లలు కూడా నిలబడిన నాడే అది మనందరి సైన్యము అవుతుంది.

ఇక రెండవ ప్రశ్న. "తమవాడని అనుకుంటారా?"

దీనికి మేము వాదన చేయము, మనుషులను చూపిస్తాము. దేశ విభజన నాడు పాకిస్తాను సైన్యానికి పోతే పెద్ద పదవులు వస్తాయని తెలిసీ పోకుండా నిలిచిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్, 1948లో కాశ్మీరులోని ఝంగర్‌ను తిరిగి గెలిచి, ఆ ఏడాది జులై 3న అక్కడనే ప్రాణము విడిచాడు. ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు. అబ్దుల్ హమీద్ ఉత్తరప్రదేశ్ పల్లెటూరి దర్జీ కొడుకు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద బిగించిన ఫిరంగితో శత్రువుల ప్యాటన్ ట్యాంకులను ఒకటి తరువాత ఒకటి పేల్చి, 10వ తేదీన పోరులోనే నేలకొరిగాడు. ఆయనకు వచ్చింది పరమవీరచక్ర, దాన్ని మించిన పతకము సైన్యములో లేదు. మన ఊరి బజారులో మిషను కుట్టుకునే తమ్ముళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

దూరము వాళ్ళెందుకు, మన హైదరాబాదు సంగతే చూడండి. ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివినవాడు. 1947లో ఆయననూ అటు వస్తావా, ఇటు ఉంటావా అని అడిగారు. ఇక్కడనే ఉంటానన్నాడు. 1950 జనవరి 26న మొట్టమొదటి రిపబ్లిక్ దినోత్సవములో ఢిల్లీ ఆకాశము మీద విమానము నడిపాడు. 1978 నుంచి 1981 దాకా మొత్తము భారత వాయుసేనకు అధిపతిగా ఉన్నాడు. సర్వసైన్యాధికారి పదవి మాటకు వస్తే, హైదరాబాదులోనే పుట్టిన జాకీర్ హుస్సేన్ గారు 1967లో రాష్ట్రపతి అయ్యారు. రామేశ్వరము పడవవాడి కొడుకు అబ్దుల్ కలామ్ గారు 2002లో అయ్యారు. మన సైన్యములో కుమావు రెజిమెంటు అని పేరున్న దళము ఉన్నది. 1945 దాకా దాని పేరు హైదరాబాద్ రెజిమెంటు. నిజాము కాలపు దళాలే దాని మూలము. పేరు మారింది గాని వేరు మన గడ్డలోనిదే.

అంటే అక్కడ వివక్ష అన్నదే ఉండదని మేము అనము. మనుషులున్న చోట మనసులు రకరకాలుగా ఉంటాయి. కాని పరుగులో ముందు వచ్చినవాణ్ణి గడియారము ఆపలేదు. పరీక్షలో మార్కులు వచ్చినవాణ్ణి కాగితము ఆపలేదు. పోటీకి పోకుండా ఇంట్లో కూర్చుని మనకు రాదనుకుంటే మాత్రము, ఆపినవాళ్ళము మనమే అవుతాము.

మూడవ ప్రశ్న పైసల గురించి. ఇది మంచి ప్రశ్న. 2025-26 కేంద్ర బడ్జెట్టు మొత్తము 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు. అంటే రూపాయిలో సుమారు 13 పైసలు. దాంట్లో సుమారు 1.61 లక్షల కోట్లు మాజీ సైనికుల పింఛన్లే. ఈ సొమ్ముతో ఎన్ని బడులు కట్టవచ్చో లెక్క వేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. సైన్యమే వద్దని తీసివేసిన దేశము కూడా ఒకటి ఉన్నది. కోస్టారికా అనే చిన్న దేశము 1948లోనే ఆ పని చేసింది. కాని మనము ఆ దేశపు జాగాలో లేము. 1962లో సిద్ధముగా లేకపోతే ఏమి జరిగిందో చూశాము. ఇందాక చెప్పిన కుమావు రెజిమెంటువాళ్ళే లడఖ్‌లోని రెజాంగ్‌లా దగ్గర, సరియైన చలిబట్టలు కూడా లేకుండా నిలబడి, వంద మందికి పైగా అక్కడనే పోరాడి ప్రాణాలు విడిచారు. పైసలు పెట్టని చోట పిల్లలను పెట్టవలసి వచ్చింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో మరణించిన 20 మందిలో వాళ్ళ నాయకుడు కల్నల్ సంతోష్ బాబు ఉన్నాడు. మన సూర్యాపేటవాడు. సరిహద్దు ఇల్లందుకు దూరమే గాని, అక్కడ పడిన దెబ్బ ఇక్కడి ఇంటికే తగులుతుంది.

రక్షణ మీద పెట్టిన సొమ్ము అంతా తుపాకి గొట్టములోకే పోదు. హైదరాబాదు చుట్టూ చూడండి. క్షిపణుల పరిశోధనశాల 1960ల మొదట్లో వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్, 1980లలో మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాల ఫ్యాక్టరీ వచ్చాయి. ఐటీఐ చదివిన ఫిట్టర్లకు, టర్నర్లకు, వెల్డర్లకు అవి అన్నము పెట్టాయి. వాటికి సామాను చేసి ఇచ్చే చిన్న చిన్న కార్ఖానాలు ఎన్నో పుట్టాయి. ఒకప్పుడు బయటి దేశము నుంచి తెచ్చుకునే గట్టి లోహాలను మనవాళ్ళే పోత పోయటము నేర్చుకున్నారు.

కలామ్ గారు హైదరాబాదు క్షిపణి పరిశోధనశాలకు 1982లో డైరెక్టరుగా వచ్చారు. అక్కడి పనిలో నుంచే 1989 మే 22న అగ్ని లేచింది. దాని కోసము కనిపెట్టిన తేలిక పదార్థమును చూసి, నిమ్స్ దవాఖానాలోని ఎముకల డాక్టరు ఒకాయన ఆయనను తమ వార్డుకు తీసుకుపోయాడు. పోలియో వచ్చిన పిల్లలు దాదాపు 3 కిలోల ఇనుప పట్టీలు కాళ్ళకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. అదే క్షిపణి పదార్థముతో 300 గ్రాముల పట్టీలు చేసి ఇచ్చారు. పిల్లలు పరుగెత్తారు. తల్లిదండ్రుల కండ్ల నీళ్ళు చూసినప్పటి ఆనందము గురించి కలామ్ గారు ఎన్నో సభలలో చెప్పేవారు. రక్షణ కోసము పెట్టిన తెలివి సరైన చేతిలో పడితే కుంటి పిల్లవాడి కాలికి బలమవుతుంది. దేశాభివృద్ధి అంటే అదే గదా.

వరద వచ్చిన నాటి సంగతీ చెప్పాలి. 2022 జులైలో భద్రాచలము దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగింది. 53 అడుగులకే మూడవ హెచ్చరిక ఇస్తారన్నది మీకు తెలుసు. 1986లో 75.6 అడుగులు చూసిన పెద్దలు కూడా ఈసారి భయపడ్డారు. అప్పుడు సైన్యము ఇంజినీర్లతో, డాక్టర్లతో సహా వచ్చింది. అడవి గూడేలలో ఒకనాడు బూట్ల చప్పుడుకు భయపడినవాళ్ళ మనుమలు, ఈసారి అదే యూనిఫారము కోసము ఎదురు చూశారు. మేము ఈ మాటను తేలికగా చెప్పటము లేదు. డెబ్బై నాలుగేండ్లలో ఒక నేల మీద వచ్చిన మార్పు అది.

కాని అన్నీ సైన్యమే చేస్తుందనుకుని కూర్చోవటమూ తప్పే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మములో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణము బాగులేక హెలికాప్టరు రాలేకపోయింది. బ్రతుకుతెరువు కోసము హర్యానా నుంచి వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు, పోతే ఒక్క ప్రాణము, వస్తే తొమ్మిది ప్రాణాలు అని బండి తోలుకుని పోయి అందరినీ తీసుకువచ్చాడు. అతనికి ర్యాంకూ లేదు, యూనిఫారమూ లేదు. దేశ రక్షణలో ఇటువంటివాళ్ళ పేర్లు కూడా వ్రాసుకోవాలి.

ఆ లెక్కన మన బొగ్గుట్ట పేరు కూడా వ్రాసుకోవాలి. 1871లో డాక్టర్ కింగ్ ఈ ప్రాంతములో బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. 1889లో తవ్వకము మొదలైంది. రాష్ట్రములోని గనులన్నిటికీ పుట్టిల్లు ఈ ఊరే. ఆ బొగ్గుతో నిజాము రైళ్ళు నడిచాయి. ఇక్కడి నేలలో మొదలైన సింగరేణి బొగ్గుతోనే 1966 నుంచి పాల్వంచ దగ్గర కొత్తగూడెము థర్మల్ స్టేషను కరెంటు పుట్టించింది. ఆ కరెంటు లేకుండా ఏ ఫ్యాక్టరీ తిరిగింది, ఏ లోహము కరిగింది? సరిహద్దులో కాపలా కాసే జవాను వెనుక రైతు ఉన్నాడని 1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు దేశానికి గుర్తు చేశారు. ఆ రైతు పక్కన చీకట్లో టోపీ దీపము పెట్టుకుని టబ్బు నింపిన ఫిల్లరు కూడా ఉన్నాడని మేము అంటున్నాము. మస్టరు పడిన ప్రతి రోజూ అతను దేశ రక్షణలోనే ఉన్నాడు.

ఇప్పుడు మన పిల్లల మాట. మేము ఎవరినీ గుడ్డిగా పొమ్మని చెప్పము. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో సర్వీసు నాలుగేండ్లు. ఆ తరువాత బ్యాచిలో నూటికి ఇరవై అయిదు మంది వరకే పర్మినెంటు అవుతారు. మిగిలినవాళ్ళకు సుమారు 11.71 లక్షల సేవానిధి ఇస్తామన్నారు గాని పింఛను లేదు. ఈ మాట ముందే తెలుసుకుని పోవాలి, తరువాత ఏడిస్తే లాభము లేదు. ఆ సొమ్ము చేతికి వచ్చిన నాడు పెండ్లి షామియానాలకు పోకుండా చదువుకో, పనికో పోవాలి. పదితోనే ఆగిపోకుండా, గణితము, సైన్సు గట్టిగా చదివి ఆఫీసరు పరీక్షలకు పోవాలని కోరండి. కోరుకొండ సైనిక స్కూలులో చదివిన సూర్యాపేట పిల్లవాడే కల్నల్ సంతోష్ బాబు అయ్యాడు. ఆడపిల్లలకు కూడా నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపు 2022లో తెరుచుకున్నది. మొదటి బ్యాచిలో 17 మంది 2025 మే 30న పాసై బయటికి వచ్చారు. మన ఆడబిడ్డ ఇంటరులో మంచి మార్కులు తెస్తే, పెండ్లి సంబంధము ఒక్కటే దారి అనుకోకండి.

మన సంఘము చేయవలసినది పెద్ద పని కాదు. దరఖాస్తు నింపటము తెలియని పిల్లలకు నింపి ఇవ్వాలి. సర్టిఫికెట్లలో పేరు ఒక తీరు, ఆధారులో ఒక తీరు ఉండి వెనుకకు వస్తున్నవాళ్ళు మనలోనే ఎక్కువ. అవి ముందే సరిచేయించాలి. ఉదయము గ్రౌండులో పరుగు నేర్పటానికి ఒక మాజీ సైనికుణ్ణి బతిమాలుకోవాలి. రానుపోను ఖర్చుకు కొద్ది సొమ్ము పక్కన పెట్టాలి. ఇంతే.

చివరిగా, ఆ తాత సంగతి మీకు చెప్పకపోతే మీరు మమ్మల్ని వదిలిపెట్టరు. ఈ ప్రసంగము వ్రాసుకున్నాక మేమే ఆయన ఇంటికి పోయి చదివి వినిపించాము. నలభై ఎనిమిది గురించి చెప్పిన భాగము మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాము. చాలాసేపు ఏమీ అనలేదు. "ఇది నువ్వు సభలో అందరి ముందు చదువుతావా?" అని అడిగాడు. చదువుతామన్నాము. "అట్లయితే సరే. దాచిపెట్టి పొమ్మంటే పంపేవాణ్ణి కాదు" అన్నాడు. మనుమణ్ణి పిలిచి, ముందు ఇంటరు పాస్ కమ్మన్నాడు.

పిల్లవాడు తెల్లవారుజామున గ్రౌండులో పరుగెత్తుతున్నాడు. 1600 మీటర్లు ఇంకా అనుకున్న టైములో రావటము లేదు. వస్తుంది. గ్రౌండు గట్టు మీద ఒక ముసలాయన గడియారము పట్టుకుని కూర్చుంటున్నాడని మొన్న తెలిసింది. ఆయన ఎవరో మేము వేరే చెప్పనక్కర లేదు.



జై హింద్.